ఆటోమేటిక్ పికప్‌కి మాన్యువల్ గేర్‌బాక్స్: స్పానర్ పని ఎంత, సాఫ్ట్‌వేర్ పని ఎంత?

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే చోట ఈ ట్రక్ గోలేంటి అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. మీ ఫోన్ బూట్‌లోడర్ అన్‌లాక్ చేయాలంటే ఏం కావాలి? కంపెనీ ఒప్పుకోవాలి. మీ మోడల్‌కి సరిపోయే ఫైల్ దొరకాలి. తేడా కొడితే ఫోన్ బ్రిక్ అయ్యే రిస్క్ మీరే తీసుకోవాలి. పికప్ ట్రక్‌లో ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ పీకేసి మాన్యువల్ గేర్‌బాక్స్ పెట్టడం కూడా ఇప్పుడు దాదాపు అలాంటి పనే అయిపోయింది. ఒకప్పుడు ఇది పూర్తిగా ఇనుము పని. ఇప్పుడు సగానికి పైగా సాఫ్ట్‌వేర్ పని.

నేను ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మా బావ, నేను కలిసి ఐదు వీకెండ్స్‌లో ఒక 1997 డాడ్జ్ రామ్ 2500 ట్రక్‌కి ఈ మార్పిడి చేశాం. ఏమేం కావాలి, ఎంత ఖర్చయింది, నడుపుతుంటే ఎలా ఉంది, ఇదే పని కొత్త ట్రక్‌లో ఎందుకు అంత కష్టం, చివరికి ఎవరు చేయొచ్చు, ఎవరు దూరంగా ఉంటే మంచిది... ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు బండి స్పెక్స్

1997 డాడ్జ్ రామ్ 2500, టూ వీల్ డ్రైవ్. ఇంజన్ 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్, ఆరు సిలిండర్లు, సిలిండర్‌కి రెండు వాల్వులు. అందుకే అమెరికాలో దీన్ని "12 వాల్వ్" అని పిలుస్తారు. ఇంధనం పంపేది బాష్ పీ7100 అనే మెకానికల్ పంప్. ఇది గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ దీని చుట్టూనే తిరుగుతుంది. ఈ ఇంజన్‌లో డీజిల్ ఎంత కొట్టాలో కంప్యూటర్ నిర్ణయించదు. పంప్‌లోని స్ప్రింగులు, బరువులు, లివర్లు నిర్ణయిస్తాయి. ఇంజన్ నడుస్తూ ఉండటానికి కావాల్సిన కరెంటు దాదాపుగా ఒక్క ఫ్యుయల్ షటాఫ్ సొలెనాయిడ్‌కే.

మన వాళ్లకి ఈ ఇంజన్ కొత్తదేం కాదు. 1993లో టాటా, కమిన్స్ కలిసి పెట్టిన టాటా కమిన్స్ కంపెనీ జంషెడ్‌పూర్‌లో ఇదే బీ-సిరీస్ కుటుంబానికి చెందిన 5.9 లీటర్ల ఇంజన్లు తయారు చేసింది. మన హైవేల మీద తిరిగిన ఎన్నో టాటా లారీల్లో ఉన్నది ఇదే. విజయవాడ ఆటోనగర్‌లో గేర్‌బాక్సుల పని చేసే మా మావయ్యకి వీడియో కాల్‌లో బానెట్ ఎత్తి చూపిస్తే, "ఇదేందిరా, మన కమిన్సే కదా! అమెరికా పోయి దీన్ని కొన్నావా?" అని నవ్వాడు. బావ ఆయన కొడుకే. అలా మా టీమ్‌లో ముగ్గురం అయ్యాం: ట్రక్ కింద ఇద్దరం, స్క్రీన్ మీద ఒకరు.

ట్రక్‌లో ఉన్నది 47ఆర్ఈ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్. మేం కొనేసరికి బండి 2,60,000 మైళ్లు తిరిగి ఉంది. ఆ వయసుకి ఏ ఆటోమేటిక్ అయినా రీబిల్డ్ అడుగుతుంది, ఇదీ అడిగింది. ట్రైలర్ లాగడానికి తగ్గట్టు గట్టిగా రీబిల్డ్ చేయాలంటే ఒక షాపు చెప్పిన అంచనా 4,800 డాలర్లు. ఎలాగూ బాక్స్ కిందికి దించాల్సిందే. మరి అదే బాక్స్ మళ్లీ ఎందుకు ఎక్కించాలి? ఈ ప్రశ్న దగ్గరే అసలు ప్రాజెక్ట్ మొదలైంది.

మాన్యువల్ పికప్ కొత్తది కొనుక్కోవచ్చు కదా?

కొనలేం, అదే సమస్య. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 కి మాన్యువల్ ఇచ్చిన చివరి సంవత్సరం 2008. ఫోర్డ్ సూపర్ డ్యూటీలో 2010 తర్వాత లేదు. రామ్ హెవీ డ్యూటీ ట్రక్కులు అందరికంటే ఎక్కువ కాలం పట్టుకుని ఉన్నాయి, 2018 మోడల్‌తో అవి కూడా వదిలేశాయి. జీప్ గ్లాడియేటర్ 2025 మోడల్ నుంచి మాన్యువల్ తీసేసింది. మిడ్ సైజులో టొయోటా టకోమాకి మాత్రం 6 స్పీడ్ మాన్యువల్ ఇంకా దొరుకుతోంది. అంటే బరువు లాగే పెద్ద పికప్‌లో మాన్యువల్ కావాలంటే, ఉన్న పాత మాన్యువల్ బండి వెతుక్కోవాలి, లేదా ఆటోమేటిక్‌ని మార్చుకోవాలి.

కంపెనీలు ఊరికే తీసేయలేదు, అది కూడా ఒప్పుకోవాలి. కొత్త ఆటోమేటిక్‌లు నిజంగా బాగుంటాయి. ఫోర్డ్, జీఎం కలిసి డెవలప్ చేసిన 10 స్పీడ్ ఆటోమేటిక్ 2017 ఎఫ్-150 లో వచ్చింది. అది మనిషి కంటే త్వరగా, పొదుపుగా గేర్లు మారుస్తుంది. కాబట్టి "మాన్యువల్ అంటేనే గొప్ప" అనే వాదన నాది కాదు. 1997 నాటి నాలుగు గేర్ల బాక్స్‌తో పోలిస్తే ఈ ట్రక్‌కి ఏది సరిపోతుంది అన్నదే నా లెక్క.

రెండు బాక్సులు పక్కపక్కన

మేం ఎంచుకున్నది ఎన్‌వీ4500. అదే కాలంలో అదే ట్రక్కులకి ఫ్యాక్టరీలోనే వచ్చిన 5 స్పీడ్ మాన్యువల్. క్యాస్ట్ ఐరన్ కేసింగ్, దాదాపు 90 కిలోల బరువు. గేర్ రేషియోలు చూడండి:

- 47ఆర్ఈ ఆటోమేటిక్: 2.45, 1.45, 1.00, 0.69
- ఎన్‌వీ4500 మాన్యువల్: 5.61, 3.04, 1.67, 1.00, 0.75

రేషియో అంటే సింపుల్‌గా: ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక్కసారి తిరగడానికి ఇంజన్ ఎన్నిసార్లు తిరగాలి అని. ఫస్ట్ గేర్‌లో 5.61 అంటే చాలా ఎక్కువ. వెనక యాక్సిల్ 3.54 తో కలిపితే ఇంజన్ దాదాపు 20 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. క్లచ్ వదిలేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఐడిల్‌లో వదిలేస్తే ట్రక్ గంటకి మూడున్నర మైళ్ల వేగంతో, అంటే మనిషి చురుగ్గా నడిచే స్పీడ్‌లో దానంతటదే పోతుంది. ట్రైలర్‌ని ఇంచు ఇంచు జరపడానికి ఇంతకంటే ఏం కావాలి?

మరి ఆటోమేటిక్ 2.45 తోనే ఎలా నెట్టుకొస్తుంది? అక్కడ క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలాంటివి, మధ్యలో ఆయిల్. బండి కదిలే క్షణంలో ఈ కన్వర్టరే టార్క్‌ని పెంచి ఇస్తుంది. దానికి బదులుగా ఆయిల్ వేడెక్కుతుంది. ఎక్కువ బరువుతో ఘాట్ ఎక్కుతూ పోతే ఆ వేడి ఇంకా పెరుగుతుంది. అందుకే ఆటోమేటిక్‌కి విడిగా ఆయిల్ కూలర్ ఉంటుంది.

ఇంకో ఇంట్రెస్టింగ్ పాయింట్. 1996-98 మధ్య ఇదే 12 వాల్వ్ ఇంజన్‌ని ఆటోమేటిక్‌తో కొంటే 180 హార్స్‌పవర్, 420 పౌండ్-ఫీట్ టార్క్. మాన్యువల్‌తో కొంటే 215 హార్స్‌పవర్, 440 పౌండ్-ఫీట్. ఇంజన్ ఒకటే, పంప్ సెట్టింగ్ వేరు. అయితే గేర్‌బాక్స్ మార్చగానే మన ఇంజన్ 215 అయిపోదు, మన పంప్ మనదే కదా. ఆ ఆశ పెట్టుకోకండి.

ఏమేం కావాలి?

గేర్‌బాక్స్ ఒక్కటి కొంటే సరిపోతుందనుకుంటే పొరపాటే. లిస్ట్ ఇది:

- గేర్‌బాక్స్, దాని బెల్ హౌసింగ్, ఇంజన్‌కి బాక్స్‌కి మధ్య వచ్చే అడాప్టర్ ప్లేట్, స్టార్టర్
- ఫ్లైవీల్, క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్
- క్లచ్ మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్, మధ్యలో పైపు
- క్లచ్ పెడల్, చిన్న బ్రేక్ పెడల్ ఉన్న పెడల్ సెట్ మొత్తం
- బాక్స్‌ని మోసే క్రాస్ మెంబర్, మౌంట్
- సరైన పొడవున్న ప్రొపెల్లర్ షాఫ్ట్
- స్టీరింగ్ కాలమ్, గేర్ రాడ్, ఫ్లోర్ బూట్
- మాన్యువల్ ట్రక్‌లో వచ్చే పీసీఎం, అంటే కంట్రోల్ కంప్యూటర్
- క్లచ్ పెడల్ స్విచ్, రివర్స్ లైట్ స్విచ్, వాటి కనెక్టర్లు

ఇవన్నీ విడివిడిగా వెతుక్కుంటే నెలలు పడుతుంది. అందుకే నా సలహా ఒక్కటే: అదే జనరేషన్, అదే ఇంజన్ ఉన్న యాక్సిడెంట్ అయిన మాన్యువల్ ట్రక్ ఒకటి చూసుకుని, దాని నుంచి సెట్ మొత్తం ఒకేసారి తీసుకోండి. ఇక్కడ దీన్ని డోనర్ ట్రక్ అంటారు. ఏ బోల్ట్ ఎక్కడిదో డోనర్ ట్రక్కే చెబుతుంది.

కొనేముందు టూ వీల్ డ్రైవా, ఫోర్ వీల్ డ్రైవా చూసుకోండి. ఎన్‌వీ4500 లో ఈ రెండింటికీ వెనక భాగం వేరు. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ట్రాన్స్‌ఫర్ కేస్ స్ప్లైన్లు కూడా లెక్కపెట్టాలి, ఆ కాలపు డాడ్జ్ ట్రక్కుల్లో 23 స్ప్లైన్లవి, 29 స్ప్లైన్లవి రెండూ కనిపిస్తాయి. చార్జర్ పిన్ లాంటిదే, సరిపోకపోతే లోపలికి పోదంతే.

ఈ బాక్స్‌కి పేరుపడ్డ బలహీనత ఒకటుంది: 5వ గేర్‌ని షాఫ్ట్ మీద పట్టుకుని ఉండే పెద్ద నట్ వదులైపోవడం. బాక్స్ కింద ఉన్నప్పుడే వెనక కవర్ తీసి చూసుకుంటే ఈజీ. మేం తీసి చూశాం. మంచిగానే ఉంది, అయినా లాకింగ్ ఉన్న కొత్త నట్ వేశాం. ఆయిల్ విషయంలో కూడా కక్కుర్తి వద్దు. 75డబ్ల్యూ-85 సింథటిక్, జీఎల్-4 గ్రేడ్, దాదాపు 3.8 లీటర్లు పడుతుంది.

పని ఎలా సాగింది?

మొదటి వీకెండ్ మొత్తం తీయడమే. బ్యాటరీ కనెక్షన్ తీసి, ట్రక్‌ని నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, ఆయిల్ దించేశాం. ప్రొపెల్లర్ షాఫ్ట్, కూలర్ లైన్లు, పంప్ లింకేజ్ నుంచి బాక్స్‌కి వచ్చే థ్రాటిల్ వాల్వ్ కేబుల్, ఎలక్ట్రికల్ కనెక్టర్లు అన్నీ తీశాక, ఇంజన్‌ని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ టార్క్ కన్వర్టర్ బోల్టులు ఒక్కొక్కటిగా విప్పాలి. ఆ తర్వాత ట్రాన్స్‌మిషన్ జాకీ మీద బాక్స్ కిందికి. మామూలు జాకీతో ఈ పని అస్సలు చేయొద్దు. ఛాతీ మీద పడితే ఆసుపత్రి దాకా కూడా వెళ్లరు.

రెండో వీకెండ్ క్యాబిన్‌లో. డ్యాష్ కింద తలకిందులుగా పడుకుని పాత బ్రేక్ పెడల్ తీసి కొత్త పెడల్ సెట్ బిగించడం, క్లచ్ మాస్టర్ సిలిండర్ కోసం ఫైర్‌వాల్‌కి రంధ్రం, గేర్ రాడ్ కోసం ఫ్లోర్‌లో కటింగ్. ఫైర్‌వాల్ రంధ్రం పెట్టే ముందు డోనర్ ట్రక్ నుంచి అట్టముక్క మీద కొలత గీసుకొచ్చాం. ఆటోమేటిక్ గేర్ లివర్ స్టీరింగ్ కాలమ్ మీద ఉంటుంది, తాళం చెవికి దానితో లింక్ ఉంటుంది. కాలమ్ కూడా డోనర్‌దే వేస్తే ఆ తలనొప్పి పోతుంది.

మూడో వీకెండ్ ఫ్లైవీల్, క్లచ్, తర్వాత గేర్‌బాక్స్. అందరికీ చెమటలు పట్టేది ఇక్కడే. 90 కిలోల ఇనుముకి ముందున్న ఇన్‌పుట్ షాఫ్ట్ క్లచ్ ప్లేట్ మధ్యలోంచి దూరి, పైలట్ బేరింగ్‌లో కూర్చోవాలి. చివరి అర అంగుళం దగ్గర ఆగిపోయింది. రెండు పొడుగు బోల్టులేసి బిగిస్తే లోపలికి వచ్చేస్తుంది కదా అన్నాడు బావ. ఫోన్‌లోంచి మావయ్య గట్టిగా అరిచాడు.

"ఒరేయ్, బోల్టులేసి లాగమాక! చేత్తో తోస్తే పోవాలి. పోవట్లేదంటే ఎక్కడో కూర్చోలేదని అర్థం. అల్లుడూ, బాక్స్ బరువు ప్లేట్ మీద పడనివ్వమాక, ప్లేట్ వంగిపోద్ది. వెనకాల ఫ్లాంజి పట్టుకుని కొంచెం తిప్పు."

బాక్స్‌ని గేర్‌లో పెట్టి, వెనక ఫ్లాంజ్‌ని రెండు పళ్లంత తిప్పాం. టక్‌మని లోపలికి పోయింది. ఆ ఒక్క మాట ఖరీదు కొత్త క్లచ్ ప్లేట్ ఖరీదంత.

నాలుగో వీకెండ్ క్రాస్ మెంబర్, హైడ్రాలిక్స్, షాఫ్ట్ కొలత. షాఫ్ట్‌ని అంచనా మీద కోయించకండి. బాక్స్ బిగించి, ట్రక్ బరువు చక్రాల మీద ఉన్నప్పుడు కొలిచి, మెషీన్ షాపులో కట్ చేయించి బ్యాలెన్స్ చేయించుకోవాలి. లేదంటే హైవే మీద సీటు కింద వైబ్రేషన్ మోడ్ ఆన్ అవుతుంది.

వైరింగ్: చిన్న పని, పెద్ద ప్రమాదం

ఐదో వీకెండ్ వైరింగ్. పాత ఆటోమేటిక్‌కి మూడు పిన్నుల స్విచ్ ఒకటి ఉంటుంది. లివర్ పార్క్‌లోగానీ, న్యూట్రల్‌లోగానీ ఉంటేనే మధ్య పిన్ గ్రౌండ్ అయి స్టార్టర్ రిలే పనిచేస్తుంది. మిగతా రెండు పిన్నులు రివర్స్ లైట్లవి. మాన్యువల్‌లో ఈ రెండు పనులకి రెండు వేరే స్విచ్‌లు: స్టార్టర్‌కి క్లచ్ పెడల్ స్విచ్, రివర్స్ లైట్‌కి గేర్‌బాక్స్ మీది స్విచ్.

చాలామంది ఇక్కడే షార్ట్‌కట్ కొడతారు. స్టార్టర్ వైర్‌ని బాడీకి తగిలించేస్తే ఎప్పుడైనా స్టార్ట్ అవుతుంది, ఐదు నిమిషాల పని. కానీ దాని అర్థం ఏంటో ఆలోచించండి. బండి గేర్‌లో ఉంది, మీరు క్లచ్ తొక్కలేదు, పక్కన నిలబడి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పారు. డీజిల్ ఇంజన్, పైగా 20కి 1 ఉన్న ఫస్ట్ గేర్. ట్రక్ ఆగదు, ముందున్న గోడ మీదికో, మనిషి మీదికో ఎక్కేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో ఇలా మార్చిన ట్రక్ ఎప్పుడైనా చూడటానికి వెళితే, మొదట చేయాల్సిన టెస్ట్ ఇదే: ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, సీట్లో కూర్చుని, న్యూట్రల్‌లో పెట్టి, బ్రేక్ తొక్కి, క్లచ్ ముట్టుకోకుండా తాళం తిప్పండి. స్టార్ట్ అయితే ఆ బండి కొనకండి, లేదా స్విచ్ పెట్టించే దాకా నడపకండి.

ఇలాంటిదే ఇంకోటి, పార్కింగ్ బ్రేక్. ఆటోమేటిక్‌లో 'పార్క్' వేస్తే బాక్స్ లోపల ఒక కొక్కెం షాఫ్ట్‌ని పట్టేస్తుంది. ఏళ్ల తరబడి దాని మీదే ఆధారపడటం వల్ల పార్కింగ్ బ్రేక్‌ని ఎవరూ పట్టించుకోరు. బాక్స్ మార్చాక ఆ కొక్కెం ఉండదు. మేం బాక్స్ పని పూర్తి కాకముందే వెనక బ్రేక్ షూలు, కేబుల్ సరి చేయించాం. ట్రైలర్ తగిలించి వాలు మీద ఆపినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదొక్కటే.

ఇక కంప్యూటర్. ఈ ట్రక్ పీసీఎం ఆటోమేటిక్ బాక్స్‌లోని ఓవర్‌డ్రైవ్, లాకప్ సొలెనాయిడ్లని నడిపిస్తుంది. బాక్స్ లేకపోతే అవి కనిపించక ఎర్రర్ కోడ్స్ వేస్తుంది, చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది. కానీ ఇంజన్ మాత్రం ఆగదు, ఎందుకంటే డీజిల్ పంప్ దాని చేతిలో లేదు. మేం డోనర్ ట్రక్ పీసీఎం పెట్టేశాం, ఆటోమేటిక్ కోసం వెతకడం మానేసింది. మొత్తం ప్రాజెక్ట్‌లో సాఫ్ట్‌వేర్ పని అంటే ఇంతే. ల్యాప్‌టాప్ తెరవాల్సిన అవసరమే రాలేదు.

అదే కొత్త ట్రక్ అయితే?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇదే పని ఇవాళ్టి పికప్‌లో చేస్తే ఏమవుతుంది? నట్లు, బోల్టులు, క్లచ్... అవన్నీ అప్పటిలాగే ఉంటాయి. కష్టం వేరే చోట.

కొత్త ట్రక్‌లో ఇంజన్‌కి ఒక కంప్యూటర్, ట్రాన్స్‌మిషన్‌కి ఒకటి, ఏబీఎస్‌కి ఒకటి, బాడీకి ఒకటి. అన్నీ క్యాన్ బస్ అనే వైర్ల జత మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వాట్సాప్ గ్రూప్ లాంటిది అనుకోండి. గేర్ మారే ముందు ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్ "కాసేపు టార్క్ తగ్గించు" అని మెసేజ్ పెడుతుంది, ఇంజన్ కంప్యూటర్ తగ్గిస్తుంది. "ఇప్పుడు ఏ గేర్‌లో ఉన్నాం" అన్నది కూడా అదే చెబుతుంది. ఆటోమేటిక్ బాక్స్‌ని తీసేస్తే గ్రూప్ నుంచి ఒక ముఖ్యమైన మెంబర్ ఎగ్జిట్ అయినట్టు. మిగతావాళ్లు ఎదురుచూస్తారు, మెసేజ్ రాదు. బండిని బట్టి స్టార్ట్ కాకపోవచ్చు, లేదా లింప్ మోడ్‌లోకి వెళ్లి పవర్ తగ్గించేయొచ్చు. క్రూయిజ్ కంట్రోల్, ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఆగిపోవచ్చు.

పరిష్కారం ఏంటి? ఇంజన్ కంప్యూటర్‌కి మాన్యువల్ కాలిబ్రేషన్ ఫైల్ ఫ్లాష్ చేయడం. అదే ఇంజన్‌తో కంపెనీ మాన్యువల్ బండి కూడా అమ్మి ఉంటే ఆ ఫైల్ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. టకోమా 3.5 లీటర్ల వీ6 లాంటివాటికి ఆ చాన్స్ ఉంది, ఎందుకంటే అది రెండు రకాలుగానూ వచ్చింది. కానీ కంపెనీ మాన్యువల్ అసలు అమ్మని ఇంజన్ అయితే? ఆ ఫైలే పుట్టలేదు. అప్పుడు థర్డ్ పార్టీ ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌తో ట్రాన్స్‌మిషన్ చెకింగ్‌లు ఆఫ్ చేయాలి, లేదా ట్రాన్స్‌మిషన్ ఉన్నట్టే దొంగ మెసేజ్‌లు పంపే చిన్న బోర్డు పెట్టాలి. పైగా 2018 నుంచి రామ్‌తో సహా ఆ గ్రూప్ బండ్లలో సెక్యూరిటీ గేట్‌వే వచ్చింది. స్కాన్ టూల్‌తో చదవడం వరకూ ఓకే, ఏదైనా మార్చాలంటే ఆథరైజేషన్ కావాలి. హ్యాకర్ల నుంచి రక్షణకి అది అవసరమే. కానీ ఓనర్‌కి కూడా తలుపు మూసే ఉంటుంది.

చట్టం ఏమంటుంది? ఫోన్ జైల్‌బ్రేక్ చేయొచ్చా అనే గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. అమెరికా కాపీరైట్ చట్టం డీఎంసీఏ కింద 2010లో ఫోన్లకి మినహాయింపు వచ్చింది. అదే దారిలో 2015లో కార్లు, ట్రక్కులు, ట్రాక్టర్ల సాఫ్ట్‌వేర్‌కి కూడా వచ్చింది: రిపేర్ కోసం, చట్టబద్ధమైన మార్పుల కోసం ఓనర్ లాక్ దాటొచ్చు అని. 2018లో దాన్ని ఓనర్ తరఫున పనిచేసే మెకానిక్‌లకి కూడా వర్తించేలా విస్తరించారు. అయితే పొల్యూషన్ కంట్రోల్ సెట్టింగుల్ని చెడగొడితే అది వేరే నేరం, ఆ మినహాయింపు అక్కడ అక్కరకు రాదు. ఇంకో మెలిక కూడా ఉంది. లాక్ దాటొచ్చు అని చట్టం చెప్పినంత మాత్రాన కంపెనీ తాళం చెవి ఇవ్వాలని లేదు. బూట్‌లోడర్ కోసం తిరిగినవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు.

నా ట్రక్ "ఓపెన్" అని కంపెనీ ఎప్పుడూ ప్రకటించలేదు. మూసేయడానికి అప్పట్లో వాళ్ల దగ్గర ఏమీ లేదు, అంతే. మనం డబ్బులిచ్చి కొన్న వస్తువులో ఎంత భాగం మన చేతిలో ఉంది అన్నది ఇలాంటి పనికి దిగితేనే తెలుస్తుంది.

నడిపితే ఎలా ఉంది?

ఖాళీ బండికి ఫస్ట్ గేర్ అవసరమే లేదు, సెకండ్‌తో బయల్దేరొచ్చు. ఫస్ట్ వేస్తే రెండు సెకన్లలో మార్చాల్సి వస్తుంది. గేర్ రాడ్ పొడుగ్గా, లారీ రాడ్ లాగే ఉంటుంది. స్పోర్ట్స్ కార్ ఫీల్ కోసం చూసేవాళ్లకి ఇది నచ్చదు. నిదానంగా, గట్టిగా, ఒక్కో గేరు టపీమని పడుతుంది. బరువు లాగుతూ దిగుడు మీద వచ్చేటప్పుడు మనం వేసిన గేర్‌లోనే ఉండటం పెద్ద ప్లస్. బండి తనంతట తాను పై గేర్‌కి వెళ్లిపోదు.

ఇప్పుడు మైనస్‌లు. హైవే మీద ఆర్‌పీఎం తగ్గుతుందనుకునేవాళ్లు లెక్క మళ్లీ చూడండి. ఆటోమేటిక్ టాప్ గేర్ 0.69, మాన్యువల్ టాప్ గేర్ 0.75. అంటే దాదాపు 9 శాతం ఎక్కువ తిరుగుతుంది. నా టైర్లతో 65 మైళ్ల స్పీడ్‌లో 1,800 దగ్గర ఉండేది ఇప్పుడు 1,950 దగ్గర ఉంటోంది. మైలేజ్ కోసమే అయితే ఈ పని చేయకండి. డాలస్ సాయంత్రం ట్రాఫిక్‌లో ఎడమ కాలికి ఫ్రీగా జిమ్. పార్కింగ్ బ్రేక్ కాలితో తొక్కేది కాబట్టి మన కార్లలో హ్యాండ్ బ్రేక్ లాగి ఎత్తు మీద బయల్దేరే టెక్నిక్ ఇక్కడ కుదరదు. అయితే ఆ లోగేర్ దయవల్ల క్లచ్ వదిలితే చాలు, యాక్సిలరేటర్ లేకుండానే ముందుకు పోతుంది.

ఇంకో చిన్న బోనస్: ఇక్కడ చాలామందికి మాన్యువల్ నడపడం రాదు. బండి అరువు అడిగేవాళ్లు సగానికి తగ్గారు.

ఖర్చు లెక్క

- డోనర్ సెట్, పీసీఎంతో సహా: 2,200 డాలర్లు
- కొత్త క్లచ్, ఫ్లైవీల్ పని: 650
- క్లచ్ హైడ్రాలిక్స్: 180
- ప్రొపెల్లర్ షాఫ్ట్: 320
- ఆయిల్, సీల్స్, బేరింగులు, మౌంట్, బోల్టులు: 300
- మొత్తం: 3,650 డాలర్లు

పాత ఆటోమేటిక్‌ని రీబిల్డ్ చేసుకునేవాళ్లకి 500 డాలర్లకి అమ్మాం. అంటే నికరంగా 3,150. షాపు చెప్పిన 4,800 తో పోలిస్తే తక్కువే, కానీ పది రోజుల మా ఇద్దరి కష్టం ఇందులో లేదు. లేబర్ కూడా డబ్బిచ్చి చేయిస్తే ఈ లెక్క తిరగబడిపోతుంది.

ఇండియాలో చేయొచ్చా?

ముందు అవసరం తక్కువ. మన దగ్గర సరుకు మోసే పికప్‌లు ఎక్కువగా మాన్యువల్‌లోనే వస్తాయి. రెండోది చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. కాబట్టి ఆర్‌టీఓ దగ్గర కనుక్కోకుండా దేనికీ దిగొద్దు.

తమాషా ఏంటంటే, మన దగ్గర ప్రయాణం సరిగ్గా రివర్స్‌లో జరిగింది. 2014లో మారుతి సెలేరియోతో వచ్చిన ఏఎంటీ గుర్తుందా? అది లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేర్ వేసే పని ఒక కంప్యూటర్‌కి, యాక్చువేటర్లకి అప్పగించారు. మేం ట్రక్‌లోంచి కంప్యూటర్‌ని తీసి కాలుని పెట్టాం, వాళ్లు కాలుని తీసి కంప్యూటర్‌ని పెట్టారు. ఎవరి అవసరం వాళ్లది.

మా తీర్పు

చేయొచ్చు, ఎవరంటే: 1990ల నాటి మెకానికల్ ఇంజన్ ట్రక్ ఉన్నవాళ్లు; అదే మోడల్ డోనర్ దొరికినవాళ్లు; పాత ఆటోమేటిక్ ఎలాగూ దించాల్సిన స్థితిలో ఉన్నవాళ్లు; బరువులు లాగే పని నిజంగా ఉన్నవాళ్లు.

వద్దు, ఎవరంటే: రోజూ ఆఫీసుకి ఇదే బండి మీద వెళ్లేవాళ్లు, మైలేజ్ కోసం చూసేవాళ్లు, వైరింగ్‌లో షార్ట్‌కట్ కొట్టే అలవాటున్నవాళ్లు, వారంటీలో ఉన్న కొత్త ట్రక్ ఓనర్లు.

కొత్త ట్రక్‌తో చేయాలనే ఉంటే ఒక్క స్పానర్ కూడా కొనకముందే ఈ మూడు ప్రశ్నలకి సమాధానం వెతకండి. ఈ ఇంజన్‌తో కంపెనీ ఎక్కడైనా మాన్యువల్ అమ్మిందా? ఆ ఫైల్‌ని నా బండిలో ఎక్కించే దారి ఉందా? ఎక్కించాక బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్‌లు, ట్రాక్షన్ కంట్రోల్ అన్నీ సరిగా పనిచేస్తున్నాయని చెక్ చేయగలనా? మూడింటిలో ఒక్కదానికి "లేదు" వచ్చినా అక్కడితో ఆపేయండి. బోల్టులు బిగించి బాక్స్‌ని లాగొద్దని మావయ్య చెప్పింది సాఫ్ట్‌వేర్‌కి కూడా వర్తిస్తుంది.